సైదాబాదు మేడ మీద తెరచాప పడవ

హైదరాబాదులో తెరచాప పడవల పోటీలు జరుగుతాయంటే మా ఆఫీసులో సగంమంది నమ్మరు. హుస్సేన్ సాగర్ అంటే బుద్ధుడి దగ్గరికి తీసుకెళ్ళే లాంచీలు, గట్టు మీద మిర్చి బజ్జీలు, అంతే వాళ్ళకి. నిజానికి ఏటా వానాకాలంలో, నైరుతి గాలి బాగా వీచే రోజుల్లో, దేశం నలుమూలల నుంచీ సెయిలర్లు అక్కడికి వచ్చి పోటీ పడతారు. హైదరాబాద్ సెయిలింగ్ వీక్ అని ఒకటుంది, మాన్సూన్ రెగట్టా అని ఇంకోటుంది. మిలిటరీ వాళ్ళ ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషను, సికింద్రాబాద్ సెయిలింగ్ క్లబ్బు, 2009లో మొదలైన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్, ఇవన్నీ ఆ చెరువు మీద బతికేవే. 2017 సెప్టెంబర్లో గోవా నుంచి బయల్దేరి 2018 మేలో భూమి చుట్టి వచ్చిన ఐఎన్ఎస్‌వీ తారిణి గుర్తుందా? అందులో ఉన్న ఆరుగురు నేవీ అమ్మాయిల్లో ఐశ్వర్యది మన హైదరాబాదు, స్వాతిది విశాఖపట్నం. ఆ తారిణి పొడవు 56 అడుగులు. అది కూడా ఫైబర్‌గ్లాసుతో కట్టిందే.

నేను చెప్పబోయే పడవ దాంట్లో ఏడో వంతు ఉంటుంది. ఏడు అడుగుల తొమ్మిది అంగుళాలు. పేరు ఆప్టిమిస్టు. చూట్టానికి బాత్‌టబ్బుకి తెరచాప కట్టినట్టుంటుంది (సెయిలర్లే అలా వెక్కిరిస్తారు, నేను కాదు). 1947లో అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం, క్లియర్‌వాటర్ ఊళ్ళో క్లార్క్ మిల్స్ అనే ఆయన దీన్ని డిజైన్ చేశాడు. పిల్లలకి చవగ్గా ఒక పడవ కావాలి, రెండు ప్లైవుడ్ షీట్లలో అయిపోవాలి అని అడిగారట. అందుకే ముక్కు లేకుండా చపటాగా ఉంటుంది, షీటు పొడవే ఎనిమిది అడుగులు మరి. తర్వాత్తర్వాత ప్లైవుడ్ పోయి ఫైబర్ వచ్చింది. క్లాసు నిబంధనల ప్రకారం పడవ బరువు 35 కిలోలు, తెరచాప 3.3 చదరపు మీటర్లు, తోలేవాళ్ళకి పదిహేనేళ్ళ లోపు ఉండాలి. ప్రపంచంలో చాలామంది ఒలింపిక్ సెయిలర్లు మొదట కూర్చున్నది ఇందులోనే.

మా అమ్మాయికి పదకొండు. అంటే ఈ పడవలో దానికున్నది నాలుగేళ్ళు. యూరప్ నుంచి కొత్తది తెప్పించుకునే స్తోమత ఉన్నవాళ్ళు తెప్పించుకుంటారు, నాకు మాత్రం చేతులు మారీ మారీ వచ్చిన పాతదొకటి దొరికింది. ఎవరి దగ్గరో ఇక్కడ అనవసరం. నీలం రంగు వేసి తళతళా మెరుస్తోంది, "నీళ్ళలో దించడమే తరువాయి" అన్నారు. ట్రాలీ ఆటోలో ట్యాంక్‌బండ్, కోఠి, చాదర్‌ఘాట్ వంతెన, నల్గొండ క్రాస్‌రోడ్స్ మీదుగా సైదాబాదు వచ్చాం. మా సందులో ఆటో తిరక్కపోతే నలుగురం భుజాల మీద మోసుకొచ్చి మేడ ఎక్కించాం. ఎదురింటి పెద్దాయన అప్పుడే అనేశాడు, "మంచి పని చేసినవ్ బిడ్డా, ఈసారి వానకు మమ్ముల గూడ ఎక్కించుకో" అని. నవ్వుకున్నాం గానీ, 2020 అక్టోబర్ 13 రాత్రి ఇక్కడున్న ఎవరికీ అది ఉత్త జోకు కాదు. సరూర్‌నగర్ చెరువు పొంగి కోదండరాం నగర్ వీధుల్లో నిజంగానే పడవలు తిరిగాయి.

ఇంటికొచ్చాక మొదటి పని దాన్ని తూకం వెయ్యడం. ఇది నా తెలివేమీ కాదు, పాత పడవ కొన్న ప్రతివాడూ చెయ్యాల్సిందే. పాత సామాన్లు కొనే అతన్ని కాటాతో సహా మేడ మీదికి పిలిస్తే అతను దీన్ని కిలోల లెక్కన అమ్ముతున్నాననుకున్నాడు, "ప్లాస్టిక్కు రేటు రాదు సార్" అని ముందే చెప్పేశాడు. 41 కిలోల 600 గ్రాములు. ఉండాల్సింది 35. ఆ ఆరున్నర కిలోల్లో కొంత రంగు, కొంత పాత మరమ్మతులు. మిగతాదంతా నీళ్ళు! ఎక్కడా తడి కనపడదు. ఈ పడవ అడుగు రెండు పల్చటి ఫైబర్ పొరల మధ్య నురుగు పలక పెట్టి చేసింది. బయటి పొరలో వెంట్రుక వాసి పగులున్నా చాలు, ఏళ్ళ తరబడి నీళ్ళు లోపలికి చేరి కూర్చుంటాయి.

తర్వాత పరీక్ష ఐదు రూపాయల బిళ్ళతో. పడవని బోర్లించి అంగుళం అంగుళం కొట్టుకుంటూ పోవాలి. బాగున్నచోట టంగుమని ఖణీగా మోగుతుంది. పొరలు విడిపోయినచోట, తడిసినచోట డబ్బుమని చచ్చుగా పలుకుతుంది. కుండలు కొనేటప్పుడు మన అమ్మమ్మలు వేలితో కొట్టి చూసేవాళ్ళు కదా, అదే విద్య. చచ్చు పలికినచోటల్లా చాక్‌పీసుతో గీసుకుంటూ పోతే ఒక గంటలో పడవ మీద భారతదేశం పటం తయారైంది. అన్నిటికంటే పెద్ద గీత తెరచాప కొయ్య నిలబడే చోట.

కొయ్య సంగతి కొంచెం చెప్పాలి. ఆప్టిమిస్టులో కొయ్య పైన ఒక బల్ల కన్నంలోంచి దిగి, కింద అడుగున ఒక గూట్లో కూర్చుంటుంది. తెరచాప మీద పడ్డ గాలి బరువంతా ఆ రెండు చోట్లే మోస్తాయి. ఆ గూడు పగిలితే కొయ్య మొదలు నేరుగా పడవ అడుగుని పొడుస్తుంది. చెరువు మధ్యలో, గాలి బాగా ఉన్నప్పుడే పొడుస్తుంది, ఎందుకంటే బరువు పడేది అప్పుడే కాబట్టి. దీనికి ఆ గూటి చుట్టూ నీలం రంగు కింద బూడిదరంగు కార్ల పుట్టీ, దాని కింద పగులు. పగులుకి ఒక్క పొర కూడా గాజుపీచు వెయ్యలేదు. పుట్టీ కొట్టి, నున్నగా అరగదీసి, రంగు వేసి అమ్మారు. చేసిన మహానుభావుడెవరో నాకు తెలీదు, నా ముందు ఇది చాలా చేతులు మారింది. కానీ అందులో కూర్చోబోయేది ముప్ఫై, ముప్ఫై ఐదు కిలోల పిల్లలని ఆయనకి తెలుసు, ఆప్టిమిస్టులో పెద్దవాళ్ళెవరూ పట్టరు కదా.

ఫైబర్‌తో వచ్చిన చిక్కే ఇది. చెక్క పడవ పాడైతే మెత్తబడుతుంది, నల్లబడుతుంది, వాసనొస్తుంది. ఇనుము తుప్పు పట్టి తనే చెప్పేస్తుంది. ఫైబర్ మీద ఒక రంగు పూత వేస్తే లోపల ఏముందో బ్రహ్మకి కూడా తెలీదు.

మా వీధి చివర కార్లకి డెంటింగు పెయింటింగు చేసే ఒక భాయ్ ఉన్నాడు. బంపర్లు, బస్సుల ముందు భాగాలు, ఫైబర్‌వి ఏవైనా అతికిస్తాడు. మేడెక్కి చూసి ఐదు నిమిషాల్లో తేల్చేశాడు.

"ఇది జల్దీ పని సాబ్. పుట్టీ కొట్టి, ప్రైమర్ వేసి, స్ప్రే కొడ్త. పర్సోంకి కొత్త దాని లెక్క అయితది."

కొయ్య గూడు దగ్గర పుట్టీ కొంచెం పెకలించి చూపించాను. వంగి, గోటితో గీరి, వాసన చూసి, కాసేపు ఏం మాట్లాడలేదు.

"ఇండ్ల ఎవరు కూసుంటరు?"

"పిల్లలు భాయ్. ఒక్కళ్ళే."

"బంపర్ పగిల్తే కారు ఆగదు సాబ్. ఇది పగిల్తే?" అని, కింద ఉన్న కుర్రాణ్ణి గ్రైండరు తెమ్మని కేకేశాడు.

అక్కణ్ణుంచి మూడు నెలలు మా ఇద్దరి ఆదివారాలూ దీనికే పోయాయి. డబ్బులు తీసుకున్నాడు, మొహమాటం ఏమీ లేదు. కాకపోతే బంపరుకి గంటల లెక్క కట్టినట్టు కట్టలేదు.

మార్చి, ఏప్రిల్ నెలలు ఆరబెట్టడంతోనే సరిపోయింది. లోపలి పొరకి వరసగా చిన్న చిన్న కన్నాలు వేసి, పడవని కొంచెం వాటంగా పెట్టి, హైదరాబాదు ఎండకి వదిలేశాం. పొద్దున్నే కన్నాల కింద పెట్టిన పాత గుడ్డ తడిసి ఉండేది. పుల్లటి వాసన, వెనిగర్‌లాగా. పాలియెస్టర్ రెజిను ఏళ్ళ తరబడి నీళ్ళలో నానితే లోపల ఆమ్లాలు పుడతాయి, ఆ వాసనే అది. వారం వారం కాటా అతన్ని పిలిచేవాణ్ణి. 41.6, 40.3, 39.1, 38.4, ఇక దిగలేదు. దిగనంతమేరా నురుగు పలక కుళ్ళిందనే లెక్క. లోపలి పొర కోసి ఆ ముక్కలు తీసేశాం.

గ్రైండింగు రోజు గురించి ఎంత చెప్పినా తక్కువే. గాజు పొడి చొక్కా కాలర్లోంచి, సాక్సుల్లోంచి, ఎక్కడెక్కణ్ణుంచో వెళ్ళి గుచ్చుకుంటుంది. చన్నీళ్ళతోనే స్నానం చెయ్యాలి, వేణ్ణీళ్ళు పోసుకుంటే చర్మ రంధ్రాలు తెరుచుకుని ఇంకా లోపలికి పోతాయంటాడు భాయ్. కోవిడ్ పుణ్యాన మాస్కులు ఇంట్లో గుట్టలుగా ఉన్నాయి గానీ అవి ధూళికే. రెజిను వాసనకి, అంటే స్టైరీన్ ఆవిరికి, బొగ్గు డబ్బాలున్న మాస్కు విడిగా కొనాల్సిందే. కళ్ళద్దాలు లేకుండా హార్డనర్ సీసా మూత తియ్యొద్దు. అది చుక్క కంట్లో పడితే చూపు పోతుంది, ఇందులో అతిశయోక్తి ఏమీ లేదు. భాయ్‌కి ఇరవై ఏళ్ళుగా అద్దాలు లేవు. ఇప్పుడు పెట్టుకుంటున్నాడు, కనీసం నేను చూసినప్పుడు :)

పగులు చుట్టూ ఎంత గీకాలి అన్నదగ్గర మాకు వాదన జరిగింది. ఫైబర్ అతుకుకి పాత లెక్క ఒకటుంది, మందానికి పన్నెండు రెట్ల దూరం ఏటవాలుగా పల్చబరచాలి. మూడు మిల్లీమీటర్ల మందమైతే చుట్టూతా 36 మిల్లీమీటర్లు. ఎందుకంటే గట్టిపడిపోయిన పాత పాలియెస్టర్‌తో కొత్త పొర రసాయనికంగా పెద్దగా కలవదు. గరుకు మీద అంటుకుని పట్టుకుంటుంది, అంతే. పట్టుకోడానికి చోటెంత ఎక్కువుంటే అతుకు అంత గట్టి. అరచేతంత పగులుకి విస్తరాకంత గీకుడు అన్నమాట. "మంచిగున్న మాల్ ఎందుకు ఖరాబ్ చేస్తున్నరు సాబ్" అని భాయ్ చాలా బాధపడ్డాడు. నేను ఒక పాత ముక్కకి రెండు రకాలుగా అతుకు వేయించి, ఆరాక కాలికింద పెట్టి తొక్కి చూపించా. చిన్న అతుకు అంచు లేచొచ్చింది. పెద్దది అలాగే ఉండి పక్కన పాత ఫైబరే విరిగింది. ఆ తర్వాత ఆయనే నాకంటే ఎక్కువ గీకాడు.

రెజిను కలపడంలో మాత్రం ఆయనే గురువు. పుస్తకాల్లో లెక్కలన్నీ ఇరవై, ఇరవై ఐదు డిగ్రీలకి రాసినవి. మే నెల సైదాబాదు మేడ మీద ఆ లెక్క నడవదు. వేడి పది డిగ్రీలు పెరిగితే రెజిను గడ్డకట్టే టైము ఇంచుమించు సగమవుతుంది. అందుకని హార్డనర్ నూటికి ఒక పాలు మించకుండా, సిరంజితో కొలిచి, ఒక్కోసారి 150 గ్రాములే కలిపి, పొద్దున్న ఐదున్నరకి మొదలుపెట్టి ఎనిమిదిన్నరకల్లా ఆపెయ్యడం. అలాగని ఒక పాలు కంటే తగ్గించనూ కూడదు, ఎప్పటికీ సరిగా గట్టిపడదు. ఒకరోజు షాపు కుర్రాడు అరకిలో ఒకేసారి కలిపేసి చాయ్‌కి వెళ్ళాడు. వచ్చేసరికి డబ్బా వంకర్లు పోయి పొగలు కక్కుతోంది. ఇంకో సంగతి, ఊదారంగు కోబాల్టు సీసానీ హార్డనర్ సీసానీ భాయ్ ఎప్పుడూ ఒకే అరలో పెట్టడు. ఆ రెండూ రెజిను లేకుండా నేరుగా కలిస్తే పేలతాయి. ముందు కోబాల్టు రెజిన్లో బాగా కలిపి, ఆ తర్వాతే హార్డనర్. ఇంట్లో పిల్లలున్నవాళ్ళు ఈ రెండు సీసాలూ ఇంట్లోకే తేకండి.

కొయ్య గూడు కింద మూడు పొరలు మ్యాటు, మధ్యలో ఒక పొర నేసిన గాజుబట్ట. మ్యాటు బరువుకి రెండు, రెండున్నర రెట్లు రెజిను తాగుతుంది. ఎక్కువ పోస్తే బలం రాదు, బరువొస్తుంది, పెళుసవుతుంది. ఇనుప రోలరుతో గాలి బుడగలు పోయేదాకా నొక్కడం అసలు పని. చుక్కాని తగిలించే వెనక పలకలో లోపలున్న చెక్క కూడా నానిపోయింది, కొత్తది పెట్టి మూశాం. తెరచాపకి రెండుచోట్ల చిరుగులుంటే ఆటోలకి హుడ్డులు కుట్టే అతను జిగ్‌జాగ్ కుట్టు వేసిచ్చాడు, సిగ్గుపడుతూ ముప్ఫై రూపాయలు అడిగాడు.

ఇక రంగు దగ్గర అసలు గొడవ. బయట తెల్ల జెల్‌కోటు వేశాం, బాగానే ఉంది. లోపల, కొయ్య గూడు చుట్టూ, కోసి అతికిన మేరంతా రంగు వద్దన్నాను. పాలియెస్టర్ పైపొర గాలి తగిలితే జిగటగానే ఉండిపోతుంది, అందుకని మైనం కలిపిన రెజిను ఆఖరి పూతగా వేస్తారు. మైనం పైకి తేలి గాలిని ఆపుతుంది. అలాంటి పూత, రంగు కలపకుండా, వేయించాను. దాని కిందనుంచి గాజుపీచు నేత, అతుకు అంచులు, అన్నీ కనపడతాయి. ఆ పూతకి ముందే మార్కరుతో తేదీ, ఎన్ని పొరలు, ఏ రెజిను, ఎక్కడ నురుగు మార్చాం, ఎక్కడ మార్చలేదు అని తెలుగులో, ఇంగ్లీషులో రాసిపెట్టాను. పచ్చిగా, ఆపరేషన్ కుట్లలాగా ఉంటుంది చూట్టానికి.

భాయ్‌కి నచ్చలేదు. ఆయన పనికి ఆయన పేరు పోతుందని బాధ. మా ఆవిడకీ నచ్చలేదు. ఆఫీసులో మిత్రుడైతే "రేపు అమ్మేటప్పుడు సగం ధర కూడా రాదురా" అన్నాడు. నిజమే, రాదు. సాఫ్టువేరు పోలిక ఎప్పుడు తెస్తానా అని చూస్తున్నారు కదా, ఒక్కటే తెస్తాను. పాత కోడు తెరిస్తే మనకి మంట పుట్టేది ప్యాచీ వేసినందుకు కాదు. ప్యాచీలు వెయ్యనివాడెవడు? ఎందుకు వేశాడో, ఎక్కడిదాకా వేశాడో రాయకుండా పైన చక్కగా ఇండెంటు చేసి పోయినందుకు. అక్కడ మహా అయితే ఒక శనివారం పోతుంది. ఇక్కడ నాలుగేళ్ళ తర్వాత ఈ పడవ ఇంకెవరి పిల్లకో వెళ్తుంది, ఆ గూటిని ఏ తండ్రో ఏ కోచ్చో వంగి చూడాలి. అతుకు అంచు లేస్తోందా, కొత్త గీత వచ్చిందా అన్నది రంగు లేకపోతేనే కనపడుతుంది. దీనికోసం సగం ధర పోగొట్టుకోడానికి నాకేం అభ్యంతరం లేదు.

నీళ్ళలో మొదటిసారి దించినప్పుడు తెరచాప కట్టలేదు. పక్కనే సరూర్‌నగర్ చెరువుండగా సాగర్ దాకా ఎందుకని మా వీధి పిల్లల గోల, కానీ అక్కడ గుర్రపుడెక్కలో పడవ కదలదు. లోపలుండే మూడు గాలిసంచుల్ని ముందే పంక్చర్ షాపు తొట్టిలో ముంచి చూశాం, ఒకటి బుడగలు వదిలితే మార్చాం. గట్టు దగ్గర లోతు తక్కువున్నచోట పడవని నీళ్ళతో నింపేసి, మా అమ్మాయి బరువుకి కొంచెం ఎక్కువే ఇసక మూటలు పెట్టి, అరగంట వదిలేశాం. అంచులు నీటికి పైనే ఉన్నాయి. మూటలు తీసేశాక అది లైఫ్ జాకెట్ వేసుకుని ఎక్కి, కోసిన ప్లాస్టిక్కు క్యానుతో నీళ్ళు తోడిపోసింది, పదకొండు నిమిషాలు పట్టింది. ఆ సాగర్లో 1990లో వందల టన్నుల బుద్ధుడే బల్లకట్టు మీంచి జారి రెండేళ్ళకిపైగా నీళ్ళలో ఉండిపోయాడు, కొన్ని ప్రాణాలూ పోయాయి. అక్కడ తేలుతుందిలే అని ఊరికే అనుకోలేం. పొడిగా ఆరాక తూకం 37.2. పోటీలకి రెండు కిలోలు ఎక్కువ, నేర్చుకోడానికి ఇబ్బంది లేదు. ఇప్పటికి ఆరు ఆదివారాలు తిరిగింది. వారం వారం టార్చి వేసి గూడు చూస్తున్నా, అంచు లేవలేదు.

ఇంత కష్టం ఎందుకు, పారేసి ఇంకోటి కొనుక్కోవచ్చుగా అనేవాళ్ళకి ఒక మాట. పారెయ్యడానికి చోటు లేదు. ఓహాయోలో రే గ్రీన్ 1942లో చేసిన చిన్న తెరచాప పడవని తొలి ఫైబర్ పడవల్లో ఒకటిగా చెబుతారు. అప్పట్నుంచీ ప్రపంచం లక్షల్లో కట్టింది గానీ ఇది చెక్కలా చివకదు, ఇనుములా కరిగించడానికి కుదరదు. ముక్కలు చేసి పూడ్చడమో, కాల్చడమో. ఫ్రాన్సులో 2019 నుంచీ పాత పడవల్ని విప్పి పారెయ్యడానికే ఒక సంస్థ నడుస్తోంది, కొత్తవి అమ్మేవాళ్ళ డబ్బుతో. మన తీరంలో తెప్పలు పోయి ఫైబర్ బోట్లు వచ్చాయి, బాపట్ల దగ్గర మా అమ్మమ్మగారి ఊరు వెళ్ళినప్పుడల్లా ఇసకలో బోర్లాపడి విరిగినవి కనిపిస్తాయి. పాత తెప్ప దుంగలైతే పొయ్యిలోకి పోయేవి.

మా పడవలోంచి తీసిన ముక్కలు, గీకిన పొడి, కుళ్ళిన నురుగు ఒక గోనెసంచికి వచ్చాయి. చెత్త ఆటో అబ్బాయి ఒకసారి చెయ్యి పెట్టి చూసి, దురదకి తిట్టుకుంటూ వద్దని పోయాడు. అప్పట్నుంచీ అది మేడమీద ట్యాంకు కిందే ఉంది. భాయ్ మొన్నొచ్చి అందులోంచి రెండు పెద్ద పలకలు ఏరుకుని తీసుకెళ్ళాడు, ఏదో స్కూలు బస్సు మెట్టు కింద అతుకు వెయ్యడానికి సరిపోతాయట.